కెమెరా కబుర్లు: బాంబు పేలిన ఊళ్ళో ఏం తీయాలి, ఏం తీయకూడదు

నవంబరు 26 దగ్గరపడేసరికి ముంబై దాడుల ఫొటోలు మళ్ళీ అందరి ఫోన్లలోకీ వస్తాయి, వాటి వెనకే మాకు ఉత్తరాలూ వస్తాయి. ఈసారి వచ్చినవన్నీ ఇంచుమించు ఒకే దారిలో ఉన్నాయి కాబట్టి లెన్సుల బేరాలు, పెళ్ళి ఆల్బమ్ గొడవలు వచ్చే నెలకి నెట్టేసి పేజీలన్నీ దీనికే ఇచ్చేశాం.

ప్రశ్న: సార్, నేను ఫైన్ ఆర్ట్స్‌లో ఫొటోగ్రఫీ చదువుతున్నాను. ఫైనలియర్ ప్రాజెక్టుకి ‘పేలుళ్ళ తర్వాత హైదరాబాద్’ అని సబ్జెక్ట్ పెట్టుకున్నాను. కోఠి, దిల్‌సుఖ్‌నగర్ రెండూ తిరిగొచ్చాను. అక్కడ తీయడానికి ఏమీ లేదు, బస్సులు, జనం, చాట్ తినేవాళ్ళు అంతే. మా గైడ్ సబ్జెక్ట్ మార్చుకోమంటున్నారు. ఏం చేయమంటారు?
– ఓ విద్యార్థిని, మాసబ్ ట్యాంక్, హైదరాబాద్

జవాబు: మార్చొద్దమ్మా. మీరు వెతుకుతున్నది పేలుడు, అది మీకు దొరకదు, ఆ రాత్రి డ్యూటీలో ఉన్న పత్రికలవాళ్ళు దాన్ని ఎప్పుడో తీసేశారు. మీకు మిగిలింది ఆ తర్వాత ఊరు ఎలా బతికిందన్న సంగతి. అది ఇప్పటికీ రోడ్డు మీదే ఉంది, కాకపోతే చూడగానే కళ్ళకి కొట్టొచ్చినట్టు కనపడదు.

ముందు తేదీలు దగ్గర పెట్టుకోండి. 2007 ఆగస్టు 25, శనివారం సాయంత్రం ఏడున్నర దాటాక లుంబినీ పార్కులో లేజర్ షో నడుస్తుండగా ఒక బాంబు, కొద్ది నిమిషాల తేడాలో కోఠి గోకుల్ చాట్ దగ్గర ఇంకొకటి. 40 మందికి పైగా పోయారు, వాళ్ళలో మహారాష్ట్ర నుంచి కాలేజీ టూర్ మీద వచ్చిన ఇంజనీరింగ్ పిల్లలూ ఉన్నారు. మూడోది దిల్‌సుఖ్‌నగర్‌లో ఫుటోవర్ బ్రిడ్జి కింద పేలకుండా దొరికింది. ఆరేళ్ళు తిరక్కుండానే, 2013 ఫిబ్రవరి 21 సాయంత్రం, అదే దిల్‌సుఖ్‌నగర్‌లో సైకిళ్ళకి పెట్టిన రెండు బాంబులు పేలి 18 మంది చనిపోయారు. ఒకటి 107 నంబర్ బస్టాప్ దగ్గర, ఇంకొకటి కాస్త ఇవతల మిర్చీ సెంటర్ దగ్గర.

మీరు ఎన్ని గంటలకి వెళ్ళారో రాయలేదు, మధ్యాహ్నం వెళ్ళి ఉంటారని నా అనుమానం. సాయంత్రం ఏడుకి వెళ్ళండి. గోకుల్ చాట్ ముందు జనం ఫుట్‌పాత్ దాటి రోడ్డు మీదికి వచ్చేస్తారు, ఒక చేత్తో ప్లేటు, ఇంకో చేత్తో పిల్లాడి చెయ్యి పట్టుకుని నిలబడే తినేస్తుంటారు. వాళ్ళలో సగం మందికి ఆ రాత్రి సంగతి తెలుసు, తెలిసీ వచ్చారు. ఆ ఫొటో పక్కన 2007 నాటి పత్రిక ఫొటో పెట్టి చూడండి, అప్పుడు మీ గైడ్ ఏమంటారో చూద్దాం. పాత పత్రికలు అఫ్జల్‌గంజ్‌లో స్టేట్ సెంట్రల్ లైబ్రరీలో దొరుకుతాయి. ఆ ఫొటోగ్రాఫర్ ఎక్కడ నిలబడి తీశాడో వెతికి పట్టుకుని అదే కోణంలో, అదే టైముకి మీరూ తీయండి. దిల్‌సుఖ్‌నగర్‌లో ఇది కష్టం, ఎందుకంటే అప్పుడు లేని మెట్రో పిల్లర్లు ఇప్పుడు ఫ్రేముకి అడ్డంగా నిలబడి ఉంటాయి. నన్నడిగితే ఆ పిల్లర్ని తప్పించుకోవద్దు, ఫ్రేములో ఉండనివ్వండి. (పాత ఫొటోని ఎగ్జిబిషన్లో పెట్టాలంటే మాత్రం ఆ పత్రిక అనుమతి తీసుకోవాలి.)

ఇంకొక దారి ఉంది, నాకైతే అది ఇంకా ఇష్టం. దాడులు మన రోజువారీ బతుకులోకి ఏయే వస్తువుల్ని తెచ్చి పెట్టాయో వాటిని తీయండి. దిల్‌సుఖ్‌నగర్ ఘటన జరిగిన ఏడాదే ఉమ్మడి రాష్ట్రంలో ప్రజా భద్రత చట్టం వచ్చింది, ఒకేసారి వంద మంది గుమిగూడే చోటల్లా, దుకాణమైనా ఫంక్షన్ హాలైనా, సీసీ కెమెరాలు పెట్టాలని, నెల రోజుల రికార్డింగు దాచాలని. ఇప్పుడు మన తలల మీద ఇన్ని కెమెరాలు వేలాడటం వెనక ఆ సాయంత్రం కూడా ఉంది. మాల్ గేటు దగ్గర ప్రతి మనిషికీ బీప్‌మని అరిచే డోర్‌ఫ్రేమ్ డిటెక్టర్, దాని అరుపు ఎప్పుడో చెవికెక్కడం మానేసిన గార్డు, హ్యాండ్‌బ్యాగ్ జిప్పు రెండంగుళాలు తీసి లోపలికి చూసినట్టు చూసి మూసేసే లేడీ సెక్యూరిటీ, కారు కింద తోసే ఆ చక్రాల అద్దం. దగ్గరికెళ్ళి చేతుల్ని తీయండి, మొహాలు అక్కర్లేదు. అడిగి తీయండి. పది చోట్ల కాదంటారు, పదకొండో చోట గార్డే ఫోజిస్తాడు.

బాధితుల ఇళ్ళకి వెళ్ళాలా అని మీరు అడగలేదు కానీ మీ గైడ్ తప్పకుండా అడుగుతారు. వెళ్తే మొదటిసారి కెమెరా ఇంట్లో పెట్టి వెళ్ళండి. కాలో కంటిచూపో పోగొట్టుకున్నవాళ్ళ దగ్గరికి ఏటా ఆ తేదీకి టీవీలవాళ్ళు వచ్చి అదే ప్రశ్న అడిగి పోతుంటారు, మీరూ ఆ లెక్కలో చేరిపోతారు. వాళ్ళే తీయమంటే తీయండి, ప్రింటు చేతికివ్వండి. వద్దంటే ఆ గుమ్మం మీ ప్రాజెక్టులో లేనట్టే. ఒక సంగతి, దిల్‌సుఖ్‌నగర్ కేసులో ఐదుగురి ఉరిశిక్షని తెలంగాణ హైకోర్టు సమర్థించింది 2025 ఏప్రిల్‌లో. కాబట్టి ఇది పాత కథ, ఎవరు చూస్తారని ఎవరైనా అంటే ఈ తేదీ చెప్పండి.

ప్రశ్న: మాది నవీ ముంబై. ఊరినుంచి చుట్టాలు వస్తే గేట్‌వే, తాజ్ చూపించి కొలాబాలో లియోపోల్డ్ కఫేకి తీసుకెళ్తాను. అక్కడ గోడకి తూటాల గుర్తులున్నాయి కదా, మా బావగారు వాటి పక్కన నిలబడి బొటనవేలు పైకెత్తి ఫొటో దిగారు. నాకు తల తీసేసినట్టయింది. నేను మరీ ఎక్కువ ఆలోచిస్తున్నానా?

జవాబు: కొంచెం ఎక్కువే, కానీ ఆ బొటనవేలు దగ్గర మాత్రం మీదే కరెక్టు. ఆ గుర్తులు కఫేవాళ్ళు కావాలనే ఉంచారు. 1871 నుంచి ఉన్న కఫే అది, దాడి జరిగిన నాలుగైదు రోజులకే తలుపులు తెరిచింది, గోడలకి పూత పూయించుకోవాలంటే అదెంత పని? జనం చూడాలనే వదిలేశారు, చూస్తే ఫొటో తీస్తారని కూడా తెలుసు. ఫొటోలో తప్పేం లేదు. బావగారిని పక్కకి జరిపి గుర్తుని ఒక్కదాన్నే తీయమనండి, ఆ తర్వాత కావాలంటే టేబుల్ దగ్గర కూర్చుని నవ్వుతూ దిగమనండి, కఫే ఉన్నది నవ్వుతూ కూర్చోడానికే.

ఇలాంటి చోట ఎందుకొచ్చావన్నదే జనం మొదట చూస్తారు. తాజ్‌లో కమాండో ఆపరేషన్ ముగిసిన వెంటనే అప్పటి మహారాష్ట్ర ముఖ్యమంత్రి విలాస్‌రావ్ దేశ్‌ముఖ్ హోటల్ పరిశీలనకి వెళ్తూ తన కొడుకు రితేశ్‌నీ, మన రాంగోపాల్ వర్మనీ వెంటబెట్టుకుని వెళ్ళారు. కాలిన గోడల మధ్య సినిమా డైరెక్టర్ నడుస్తున్న ఆ దృశ్యం టీవీల్లో చూసి దేశం భగ్గుమంది. ఆ తర్వాత కొద్ది రోజులకే దేశ్‌ముఖ్ పదవి పోయింది. అదొక్కటే కారణమని అనను, కానీ అది చేసిన డ్యామేజీ తక్కువేమీ కాదు.

ప్రశ్న: నిజంగా మన కళ్ళ ముందే దాడి జరిగితే ఫొటో తీయాలా, సాయం చేయాలా? మా ఫ్రెండ్స్ మధ్య పెద్ద వాదన అయింది. ‘కసబ్ ఫొటో తీసినాయన సాయం చేయలేదుగా’ అని ఒకడు అంటాడు.
– కరీంనగర్ నుంచి

జవాబు: ఆ ఫ్రెండ్‌కి ఇది చదివి వినిపించండి. ఆయన పేరు సెబాస్టియన్ డిసౌజా, అప్పట్లో ముంబై మిర్రర్ ఫొటో ఎడిటర్. 2008 నవంబరు 26 రాత్రి కాల్పుల శబ్దం వినపడేసరికి ఆయన ఆఫీసులోనే ఉన్నారు, ఆ బిల్డింగు సీఎస్‌టీ స్టేషన్‌కి ఎదురుగానే ఉంటుంది. అందరూ స్టేషన్లోంచి బయటికి పరుగెడుతుంటే ఈయన లోపలికి వెళ్ళారు. ఆగి ఉన్న రైలు పెట్టెలోకి దూరి, ప్లాట్‌ఫామ్ లైట్ల వెలుగులో తీశారు. మనందరం చూసిన ఫొటో అదే, వీపున బ్యాగు, చేతిలో ఏకే రైఫిలు, 21 ఏళ్ళ కుర్రాడు తీరిగ్గా నడుస్తుంటాడు. టైమ్స్ ఆఫ్ ఇండియా ఫొటోగ్రాఫర్ శ్రీరామ్ వెర్నేకర్ కూడా ఆ రాత్రి అక్కడే ఫొటోలు తీశారు. ఆ స్టేషన్లో 50 మందికి పైగా చనిపోయారు. తుపాకీ ముందు కెమెరాతో ఆయన ఇంకే సాయం చేయగలరు? తర్వాత ఇద్దరూ కోర్టుకొచ్చి సాక్ష్యం చెప్పారు. చంపింది వీడేనని చూపించడానికి ఆ ఫొటోలు ఎంత పనికొచ్చాయో 2012 ఆగస్టు నాటి సుప్రీంకోర్టు తీర్పులో ఉంది, ప్రాణాలకి తెగించి పని చేశారని న్యాయమూర్తులు ఆ ఇద్దరినీ మెచ్చుకున్నారు.

అదే తీర్పులో టీవీ చానళ్ళకి గట్టిగా వాతలు పడ్డాయి, ఈ సంగతి మనవాళ్ళు ఎక్కువగా చెప్పుకోరు. కమాండోలు ఎటునుంచి వస్తున్నారో లైవ్‌లో చూపిస్తుంటే, పాకిస్తాన్‌లో కూర్చున్నవాళ్ళు అది చూసి ఫోన్లో లోపలివాళ్ళకి చెబుతూ పోయారు. 2015లో కేబుల్ టీవీ రూల్స్ మార్చి, ఉగ్రవాదులపై ఆపరేషన్ జరుగుతుండగా లైవ్ చూపించకూడదని, అధికారి అప్పుడప్పుడూ చెప్పేదే చెప్పాలని పెట్టింది అందుకే. ఒకే రాత్రి, ఒకే ఊరు, రెండు రకాల కెమెరాలు.

ఇక మీ సంగతి. మీరూ నేనూ డిసౌజాలం కాము. ముందు అక్కణ్ణుంచి బయటపడాలి, 112కో 108కో ఫోన్ చేయాలి, పక్కన రక్తం కారుతున్న మనిషి ఉంటే గుడ్డ పెట్టి గట్టిగా అదిమి పట్టుకోవాలి, ఆ చేత్తో ఫోన్ పట్టుకోవడం ఎలాగూ కుదరదు. అప్పటికే సాయం చేసేవాళ్ళు చేరి, మీరు అడ్డం కాని చోట ఉంటే అప్పుడు తీయండి. దగ్గరికెళ్ళి గాయాలు తీయొద్దు. దూరంనుంచి, వెడల్పుగా, దుకాణాల బోర్డులు, ఆగిన వాహనాల నంబర్లు, వెళ్ళిపోతున్న మనుషులు పడేలా. అది పోలీసులకి ఇవ్వండి, గ్రూపుల్లో పెట్టకండి. 2013 ఏప్రిల్లో బోస్టన్ మారథాన్ పేలుళ్ళ తర్వాత ఎఫ్‌బీఐ అనుమానితుల ఫొటోలు బయటపెడితే నెట్‌లో జనం తామే డిటెక్టివులమనుకుని, అప్పటికే కనపడకుండా పోయిన ఒక భారతీయ సంతతి విద్యార్థి మొహాన్ని దానికి అంటగట్టారు. అతనికి ఏ సంబంధమూ లేదు. తర్వాత అతని శవం నదిలో దొరికింది. పిల్లాణ్ణి వెతుక్కుంటున్న ఆ ఇంటివాళ్ళకి ఆ రాత్రి వచ్చిన తిట్లు ఊహించుకోండి.

ప్రశ్న: ఒక బస్టాండులో బాంబుందని పుకారు లేచింది, పోలీసులు అందర్నీ బయటికి పంపిస్తుంటే ఫోన్లో రెండు ఫొటోలు తీశాను. ఒక కానిస్టేబుల్ ఫోన్ లాక్కుని గ్యాలరీలోంచి డిలీట్ చేసిచ్చాడు. ఆయనకి ఆ హక్కుందా?
– పేరు, ఊరు వద్దన్న పాఠకుడు

జవాబు: పక్కకి పొమ్మనే అధికారం ఉంది, తాడు కట్టిన చోటికి రానివ్వకపోవచ్చు, నేరానికి ఆధారమనిపిస్తే ఫోన్‌ని స్వాధీనం చేసుకోవచ్చు. పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన నాగరిక్ సురక్షా సంహితలో 106వ సెక్షన్ అందుకే ఉంది, దానికి కాగితం రాసివ్వాలి. డిలీట్ చేయమని చెప్పే సెక్షన్ మాత్రం అందులో లేదు. నిజంగా ఆధారమైతే చెరిపేయడం మరీ తప్పు. అయినా అక్కడ వాదన పెట్టుకోకండి, ఆయనకీ అప్పుడు టెన్షనే. చాలా ఫోన్లలో డిలీట్ అయినవి నెల రోజుల దాకా ‘రీసెంట్లీ డిలీటెడ్’లో ఉంటాయి, అక్కడ చూసుకోండి. ఒరిజినల్ ఫైల్ అలాగే ఉంచండి. వాట్సాప్‌లో పంపితే సైజు తగ్గిపోతుంది, టైము, కెమెరా వివరాలు ఎగిరిపోతాయి. కోర్టుకి వెళ్ళాల్సి వస్తే సాక్ష్యాల కొత్త చట్టం, అంటే సాక్ష్య అధినియమ్, 63వ సెక్షన్ కింద సర్టిఫికెట్ ఇవ్వాలి, ఫైల్ మారలేదని అందులో చూపించాలి.

తాడు దగ్గర పోట్లాడటం కంటే కాగితంతో వెళ్ళడం మేలు. న్యూయార్క్‌లో 2001లో ట్రేడ్ సెంటర్ కూలిన చోట ఫొటోలు తీయకూడదని మేయర్ ఆర్డరేశారు. జోయెల్ మెయరోవిట్జ్ అనే ఫొటోగ్రాఫర్ కంచె బయట నిలబడి కెమెరా ఎత్తితే పోలీసావిడ వెనకనుంచి తట్టి ‘ఇది క్రైమ్ సీన్’ అంది. ఆయన ఊరి మ్యూజియాన్ని పట్టుకుని, వాళ్ళ తరఫున పాస్ సంపాదించి, నెలల తరబడి లోపలే తిరిగి 8 వేలకి పైగా ఫొటోలు తీశారు. ఆ శిథిలాలు తొలగించే పనికి సంబంధించి అదొక పెద్ద రికార్డు.

ప్రశ్న: కొవ్వొత్తుల ర్యాలీ తీస్తే మొహాలన్నీ నారింజ రంగులో ముద్దలా వస్తున్నాయి. సెట్టింగులు చెప్పండి.
– గుంటూరు

జవాబు: ఫ్లాష్ కట్టేయండి, అది వెలిగిందంటే కొవ్వొత్తి ఉన్నా లేనట్టే. 50 ఎంఎం ఎఫ్1.8 ఉంటే చాలు, ఐఎస్ఓ 1600 నుంచి 3200, షట్టర్ 1/100 దరిదాపుల్లో. మంట తెల్లగా కాలిపోయినా ఫర్వాలేదు, వెలుగు మొహానికి కొలవండి. వైట్ బ్యాలెన్స్ ఆటోలో వదలకండి, 3000 కెల్విన్ దగ్గర పెడితే వెచ్చదనం ఉంటుంది, నారింజ తగ్గుతుంది. కొవ్వొత్తిని గుండె ఎత్తులో పట్టుకున్నవాళ్ళని వెతకండి, కిందకి పట్టుకుంటే దెయ్యం సినిమా లైటింగ్ అవుతుంది. ఫోనైతే నైట్ మోడ్ తీసేయండి, నడిచే మనుషులు అందులో చెదిరిపోతారు.

ప్రశ్న: ఇలాంటి ఫొటోలు బ్లాక్ అండ్ వైట్‌లో పెడితే సీరియస్‌గా ఉంటాయా?

జవాబు: పాతగా ఉంటాయి. నిన్న తీసింది నిన్నటిలాగే కనపడనివ్వండి.

ప్రశ్న: దాడి జరిగిన రోజు వాట్సాప్‌లో వచ్చే ఫొటో నిజమా కాదా ఎలా తెలుస్తుంది?
– నల్గొండ

జవాబు: ఆ రోజు తెలియదు, అందుకే ఆ రోజు పంపొద్దు. మర్నాడు గూగుల్ లెన్స్‌లో వేసి చూడండి, చాలాసార్లు ఏ సిరియాదో, ఏ పాత ఏడాదిదో తేలుతుంది. 2025 ఏప్రిల్లో పహల్గామ్ దాడి తర్వాత, చనిపోయిన నేవీ ఆఫీసరు దంపతుల చివరి వీడియో అంటూ ఒకటి దేశమంతా తిరిగింది. అందులో ఉన్న జంటే బయటికొచ్చి, అది మా వీడియో, మేం బతికే ఉన్నాం అని చెప్పుకోవాల్సి వచ్చింది.

ప్రశ్న: 2001లో నేను హెచ్1బీ మీద జెర్సీ సిటీలో ఉన్నాను. సెప్టెంబర్ 11న నది ఇవతలినుంచి పొగ తీశాను, తర్వాతి రెండు మూడు వారాలు మన్‌హటన్ వెళ్ళినప్పుడల్లా ఏవో తీస్తూ ఉన్నాను. నెగెటివ్‌లు అట్టపెట్టెలో ఉన్నాయి, ఎవరికీ చూపించలేదు. నేనేమీ ఫొటోగ్రాఫర్ని కాను. ఇవి దేనికైనా పనికొస్తాయా?
– ఎడిసన్, న్యూజెర్సీ

జవాబు: మీ ఉత్తరం చూసి నాకు కాస్త కోపం కూడా వచ్చింది సార్, ఇన్నేళ్ళు పెట్టెలో పెడతారా! దాడి జరిగిన రెండు వారాలకే న్యూయార్క్ సోహోలో ప్రిన్స్ స్ట్రీట్‌లో ఒక ఖాళీ షాపు తీసుకుని, ఎవరు తెచ్చిన ఫొటో అయినా సరే తీగలకి క్లిప్పులు పెట్టి వేలాడదీశారు. పేరున్న ఫొటోగ్రాఫర్ది, పక్కింటి అంకుల్ది, అన్నీ ఒకే సైజు, ఒకే రేటు, కింద పేరు ఉండదు. ఫొటోగ్రాఫర్ని కాను అన్న మాట అప్పుడే చెల్లలేదు.

పొగ ఫొటోల కంటే ఆ తర్వాతి వారాలవి నాకు ఆసక్తి. పొగని లక్షల మంది తీశారు. సెయింట్ విన్సెంట్స్ హాస్పిటల్ గోడ మీద ‘కనపడుటలేదు’ కాగితాలు, పెళ్ళి ఫొటోలోంచి కత్తిరించిన మొహాలు, కింద ఫోన్ నంబరు, వాన పడి కారిపోయిన ఇంకు, అవి కూడా చాలామంది తీశారు. కానీ మనవాళ్ళ ఇళ్ళలో, మనవాళ్ళ కారు అద్దానికి, గ్యాస్ స్టేషన్ ముందు, ఇండియన్ గ్రోసరీ తలుపుకి ఆ వారాల్లో పెట్టిన అమెరికా జెండాలు ఎవరు తీశారు? కొందరు ప్రేమతో పెట్టారు, కొందరు భయంతో పెట్టారు. సెప్టెంబర్ 15న అరిజోనాలో మీసాలో బల్బీర్ సింగ్ సోధీని తన గ్యాస్ స్టేషన్ ముందే కాల్చి చంపారు, తలపాగా చూసి. రూమ్మేట్లు గడ్డం తీసేసుకున్నారా, రాత్రిపూట బయటికి పోవద్దని ఆఫీసులో ఎవరైనా చెప్పారా, ఇంటికి ఫోన్ కలవక కాలింగ్ కార్డు పట్టుకుని కూర్చున్నారా, అలాంటి ఫ్రేము ఒక్కటి దొరికినా అది పొగ కంటే అరుదు.

ముందు నెగెటివ్‌లు అట్టపెట్టెలోంచి తీసి ఆర్కైవల్ స్లీవుల్లో పెట్టండి, అట్టలో యాసిడ్ ఉంటుంది. బేస్‌మెంట్‌లో ఉంచకండి. మంచి ల్యాబులో స్కాన్ చేయించండి, గీతలున్నా రంగులు మారినా సరిదిద్దకుండా ఒక కాపీ అలాగే ఉంచండి. గుర్తున్నంత వరకూ ఒక్కో ఫ్రేముకి వీధి పేరు, తేదీ, పక్కన ఎవరున్నారు, అప్పుడు మీరు ఎటు వెళ్తున్నారు, తెలుగులోనే రాయండి, ఇంగ్లిష్ తర్వాత చేయించుకోవచ్చు. తేదీ గుర్తు లేకపోతే ఊహించి రాయకండి, ‘ఆ నెలలోనే’ అని వదిలేయండి. 9/11 మెమోరియల్ మ్యూజియం వాళ్ళు ఇలాంటివి తీసుకుంటారు, ఫిలడెల్ఫియాలో సౌత్ ఏషియన్ అమెరికన్ డిజిటల్ ఆర్కైవ్ ఉంది, మనవాళ్ళ ఫొటోలకి అదే సరైన చోటని నా అభిప్రాయం. ఎవరికిచ్చినా స్కాన్లు ఇవ్వండి, నెగెటివ్‌లు మీ దగ్గరే ఉంచుకోండి. ఫొటోల్లో ఉన్న రూమ్మేట్లకి మాత్రం ముందే ఫోన్ చేసి చెప్పండి.